చేప మందు పేరు ఎందుకు మారింది?

పాతబస్తీ దూద్‌బౌలిలోని బత్తిని కుటుంబం, 1845 నుంచి ఆస్తమాకి చేప మందు ఉచితంగా ఇస్తున్నామని చెబుతుంది. మృగశిర కార్తె రోజు కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. హేతువాదుల అభ్యంతరాలు, కోర్టు కేసుల తర్వాత అది 'చేప ప్రసాదం' అయింది. మారింది ఒక్క మాటే! కానీ మందు అంటే రుజువు కావాలి. ఆస్తమా నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోకూడదని 1945 డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె చెబుతుంది. ప్రసాదానికి రుజువు ఎవరడుగుతారు?

వాళ్లు పైసా తీసుకోరు. మనం డిస్క్రిప్షన్‌లో లింకు పెట్టి కమీషన్ తీసుకుంటాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 21 ప్రకారం, తప్పుదారి పట్టించే ప్రచారానికి 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. నిజమో కాదో ముందే సరిచూసుకున్నామని చూపిస్తేనే తప్పించుకోగలం.

పోయిన నెల ఒక కంపెనీ 'ఆయాసం పోతుంది' అని చెప్పమని స్క్రిప్ట్ పంపింది. టెస్ట్ రిపోర్టు అడిగా. మళ్లీ మెయిల్ రాలేదు.