పాత సైకిళ్ల విదేశీ వితరణ

సంపన్న దేశాల ఇళ్లలో మూలనపడిన సైకిళ్లను విరాళంగా సేకరించి, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియా దేశాల్లో అవసరమున్నవారికి ఓడల్లో పంపే కార్యక్రమం 1980లలో సంఘటిత రూపం దాల్చింది. దీని చరిత్రను సాధారణంగా పంపిన సైకిళ్ల సంఖ్యతో చెబుతుంటారు. ఆ సంఖ్యలు పెద్దవే గానీ, అవి రేవు దగ్గరే ఆగిపోతాయి. చేరిన ఊళ్లో సైకిలు ఎన్నేళ్లు నడిచిందన్నదే అసలు లెక్క. దాన్ని విప్పి బిగించగల మెకానిక్కు, సరిపోయే విడిభాగాలు, ఆ పనిమీద బతకగలిగే దుకాణం, ఈ మూడూ ఉన్నచోటే ఆ లెక్క కుదిరింది.

తొలి అడుగు రాజకీయ నిరసనగా పడింది. నికరాగ్వాలో 1979లో అధికారంలోకి వచ్చిన సాండినిస్టా ప్రభుత్వాన్ని కూలదోయడానికి కాంట్రా అనే తిరుగుబాటు దళాలకు అమెరికా డబ్బు, ఆయుధాలు ఇస్తున్న రోజులవి. ఆ విధానం నచ్చని మైకేల్ రిప్లోగల్, కార్ల్ కర్ట్స్ 1984లో ‘బైక్స్ నాట్ బాంబ్స్’ సంస్థను స్థాపించి, అక్కడి ఉపాధ్యాయులకు, ఆరోగ్య కార్యకర్తలకు పాత సైకిళ్లు పంపడం మొదలుపెట్టారు. 1985 మే నెలలో అమెరికాలోని రీగన్ ప్రభుత్వం వాణిజ్య ఆంక్షలు విధించాక నికరాగ్వాకు దిగుమతులు మరింత కష్టమయ్యాయి. పెట్రోలు అక్కర్లేని బండికి అక్కడ విలువ పెరిగింది. బోస్టన్ కేంద్రంగా నడిచిన ఈ సంస్థ సైకిళ్లతోపాటు మరమ్మతు శిక్షణనూ తన పనిలో భాగం చేసుకుంది. తర్వాతి వాళ్లకు దీని నుంచి అందిన ముఖ్యమైన పాఠం అదే.

ఆ పాఠాన్ని వ్యాపార లెక్కలోకి తెచ్చినవాడు న్యూజెర్సీ వడ్రంగి డేవిడ్ ష్వైడెన్‌బ్యాక్. 1970లలో అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ వలంటీరుగా ఈక్వడార్‌లో పనిచేసినప్పుడు, సైకిలున్న వడ్రంగి మిగతావాళ్లకంటే ఎక్కువ పనులు అందుకోవడం ఆయన గమనించాడు. 1991లో ఒక డజను సైకిళ్లు పోగుచేద్దామనుకుంటే 140 వచ్చాయి. అలా పుట్టిన ‘పెడల్స్ ఫర్ ప్రోగ్రెస్’ దాత దగ్గర సైకిలుతోపాటు రవాణా ఖర్చు కింద 10 డాలర్లు కూడా తీసుకునేది. అవతలి దేశంలోని భాగస్వామి సంస్థ ఆ సైకిళ్లను బాగుచేసి తక్కువ ధరకు అమ్మి, వచ్చిన డబ్బుతో మెకానిక్కుల జీతాలు, తర్వాతి కంటైనరు ఖర్చు చూసుకోవాలి. దక్షిణ నికరాగ్వాలోని రివాస్ పట్టణంలో ఈ పద్ధతి గట్టిగా వేళ్లూనుకుంది. ష్వైడెన్‌బ్యాక్‌కు 2000లో రోలెక్స్ పురస్కారం దక్కింది.

ఊరికే వచ్చిన వస్తువును పేదవాడికి అమ్మడమేమిటన్న అభ్యంతరం మొదటి నుంచీ ఉంది. అందులో న్యాయం లేకపోలేదు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి ఎంత తక్కువ ధరైనా ఎక్కువే. కానీ ఉచితంగా పంచితే ఎవరికి దక్కుతుందో ఆలోచించాలి. జాబితా రాసేవాడికి దగ్గరివాళ్లే ముందు వరసలో ఉంటారు. పంపిణీ అయ్యాక మరమ్మతు ఎవరి బాధ్యతా కాదు. పైగా నాలుగు వందల సైకిళ్లు ఒక్కసారి ఊరికే దిగితే, ఉన్న సైకిలు షాపువాడి బేరం దెబ్బతింటుంది. ధర పెడితే అదే షాపువాడు ఈ వ్యవస్థలో భాగస్థుడవుతాడు. 1999 నుంచి ఘనాలో పనిచేసిన ‘విలేజ్ బైసికిల్ ప్రాజెక్ట్’ మధ్యేమార్గం పట్టింది: ఒక రోజు మరమ్మతు తరగతికి వచ్చినవారికి సైకిలు రాయితీ ధరకు ఇచ్చేది. కట్టగలిగినవారికి ధర, బొత్తిగా కట్టలేని బడిపిల్లలకు విడిగా ఉచిత వాటా అన్నదే నా దృష్టిలో సరైన ఏర్పాటు.

మరమ్మతు మీద ఇంత పట్టుబట్టడం ఎందుకో కంటైనరు తలుపు తెరిస్తే తెలుస్తుంది. 40 అడుగుల కంటైనరులో దాదాపు 400 నుంచి 500 సైకిళ్లు పడతాయి. అన్ని పట్టాలంటే హ్యాండిళ్లు పక్కకు తిప్పి, పెడళ్లు ఊడదీయాలి. ఎడమ పెడలుది ఎదురు మర. సంగతి తెలియక మామూలు వైపు పానా తిప్పితే ఊడటం మాట అటుంచి ఇంకా బిగుసుకుంటుంది. దించాక అసలు చిక్కులు బయటపడతాయి. ఆఫ్రికా బజార్లలో చాలాచోట్ల దొరికే విడిభాగాలు మన పాలవాళ్లు తొక్కిన నల్ల సైకిలు వంటి వాటికి, అంటే భారత్, చైనాల నుంచి వచ్చిన 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకుల బండ్లకు సరిపోయేవి. దానంగా వచ్చేవాటిలో గేర్లున్న మౌంటెన్ బైకులు ఎక్కువ. 26 అంగుళాలని రాసి ఉన్నంత మాత్రాన టైరు ఎక్కదు: మౌంటెన్ బైకు రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం 559 మిల్లీమీటర్లు, అదే 26 పేరుతో వచ్చే పాతరకం రిమ్ముది 590. సన్నటి ప్రెస్టా వాల్వుకు మామూలు పంపు పట్టదు. ఆ ఒక్క వాల్వు కోసం మంచి సైకిలు గోడకు ఆనుకుని ఉండిపోగలదు. అందుకే 2005లో కెనడాలోని విస్లర్‌లో మొదలైన ‘బైసికిల్స్ ఫర్ హ్యుమానిటీ’ పనిముట్లు, విడిభాగాలు కూడా పంపుతూ, నమీబియా వంటి దేశాల్లో ఆ కంటైనర్నే రిపేరు షాపుగా మార్చే పద్ధతి ఎంచుకుంది.

బ్రిటన్‌లో 1990ల చివర్లో ఏర్పడిన ‘రీ-సైకిల్’కు ఈ విషయంలో ఒక అనుకూలత కలిసివచ్చింది: రాయల్ మెయిల్ పక్కనపెట్టిన తపాలా సైకిళ్లు పెద్దసంఖ్యలో అందాయి. బరువు మోయడానికే చేసిన బండ్లు, పైగా అన్నీ ఒకే తీరువి కావడంతో ఒకదాని భాగం ఇంకొకదానికి పనికొస్తుంది. జపాన్‌లో సరఫరా వేరే దారిలో వచ్చింది. రైల్వే స్టేషన్ల దగ్గర జనం వదిలేసిన సైకిళ్లను స్థానిక సంస్థలు సేకరించి బాగుచేయించి, జోయిసెఫ్ అనే సేవా సంస్థ ద్వారా వర్ధమాన దేశాల ఆరోగ్య కార్యకర్తలకు పంపాయి.

పాతవి మోసుకెళ్లే బదులు కొత్తవే ఇవ్వవచ్చు కదా అన్నది మరింత బలమైన అభ్యంతరం. 2004 డిసెంబరు సునామీ తర్వాత శ్రీలంకలో పని మొదలుపెట్టిన ‘వరల్డ్ బైసికిల్ రిలీఫ్’ అక్కడ 24,000కు పైగా కొత్త సైకిళ్లు పంచింది; తర్వాత ఆఫ్రికా మట్టిదారుల కోసం 100 కిలోల బరువు మోసే ‘బఫెలో’ సైకిలును తయారుచేయించింది. బడి చదువు మీద సైకిలు ప్రభావానికి దొరికే గట్టి ఆధారాలూ కొత్త సైకిళ్లవే. 2006లో బిహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి బాలికలకు సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చిన పథకాన్ని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ పరిశీలించారు. ఆ వయసు బాలికల ఉన్నత పాఠశాల నమోదు 32 శాతం పెరిగిందని, బాలబాలికల మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. ఈ ఫలితాన్ని పాత సైకిళ్ల ఖాతాలో వేసుకోవడం తప్పు. వేలమంది పిల్లలకు ఒకేసారి ఇవ్వాల్సినప్పుడు ఒకే రకం కొత్త సైకిలే మేలు. అయితే మూలనున్న సైకిలును ఇచ్చే దాత కొత్తదానికి సరిపడా చెక్కు రాస్తాడన్న భరోసా లేదు. కాబట్టి ఆ సైకిలు కొత్తదానికి పోటీ కాదు, చాలాసార్లు చెత్తకు పోవాల్సిన వస్తువు. మెకానిక్కులున్న పట్టణంలో అది ఇంకొన్నేళ్లు నడుస్తుంది, పనీ కల్పిస్తుంది.

ఉచిత సరుకు స్థానిక పరిశ్రమను చంపుతుందన్న వాదనకు బట్టల విషయంలో ఆధారముంది. 1981-2000 మధ్య ఆఫ్రికాలో దుస్తుల ఉత్పత్తి పడిపోవడంలో దాదాపు 40 శాతానికి పాత బట్టల దిగుమతే కారణమని గార్త్ ఫ్రేజర్ 2008లో అంచనా వేశాడు. సైకిళ్ల సంగతి అంత సూటిగా లేదు. చాలా ఆఫ్రికా దేశాల్లో కొత్త సైకిళ్లూ దిగుమతైనవే. స్థానికంగా ఉన్న జీవనోపాధి ఎక్కువగా అమ్మకంలో, మరమ్మతులో ఉంది, పాత సైకిళ్లు దాన్ని పెంచుతాయి. ఈ జవాబు చెల్లాలంటే పంపేది బాగుచేయగలిగినదై ఉండాలి. ఆ షరతు ఇప్పుడు కఠినమవుతోంది. 1980ల దాత ఇచ్చింది ఉక్కు ఫ్రేము, తీగ బ్రేకులున్న సైకిలు. విప్పదీసి సుత్తి, పానాలతో చాలావరకు సరిచేయవచ్చు. నేటి సైకిళ్లలో హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు, కార్బన్ ఫ్రేములు, బ్యాటరీ మోటార్లు పెరిగాయి. లిథియం బ్యాటరీని ఓడలో ప్రమాదకర సరుకుగా పరిగణిస్తారు; అది చెడితే మారుమూల ఊళ్లో బాగుచేసే దారి లేదు. అలాంటివాటిని సేకరణ కేంద్రంలోనే తిరస్కరించడం, మామూలు సైకిళ్లను మాత్రమే కంటైనరు ఎక్కించడం ఈ సంస్థలు ఇప్పుడు చేయాల్సిన పని.