మెటల్లోసీన్ పాలిమర్లు – చేపల తాజాదనం కొలతలో వాటి పాత్ర

(ప్రత్యేక వ్యాసం)

కొల్లేరు పరిసర మండలాల చెరువులలో పెంచిన బొచ్చె, శీలావతి చేపలు మంచు మధ్య పేర్చబడి లారీలలో పశ్చిమ బెంగాల్, బీహార్, ఈశాన్య రాష్ట్రాలకు తరలివెళుతున్నాయి. రోజుల తరబడి సాగే ఈ రవాణాలో చేప తాజాగా ఉన్నదన్న నమ్మకమే వ్యాపారానికి ఆధారం. ఫార్మలిన్ ఆనవాళ్లు కనిపించాయన్న కారణంతో 2018 జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ చేపలపై 10 రోజులపాటు నిషేధం విధించింది. ఇటువంటి వివాదాలలో కంటిచూపు, వాసన సాక్ష్యంగా నిలువజాలవు. అంకెలలో ఫలితం చెప్పగల సాధనాలు అవసరం. అట్టి సాధనాల తయారీకి ఉపకరించే పదార్థాలలో మెటల్లోసీన్ పార్శ్వ సమూహాలు గల పాలిమర్లు ముఖ్యమైనవి.

నిర్మాణం

రెండు కర్బన వలయాల నడుమ ఒక లోహ పరమాణువు ఇమిడి ఉండే సమ్మేళనాలను మెటల్లోసీన్లు అంటారు. వీటిలో ప్రసిద్ధమైన ఫెర్రోసీన్‌లో ఇనుము ఉంటుంది. నారింజ రంగులో ఉండే ఈ పదార్థాన్ని 1951లో కనుగొన్నారు. ఈ రంగంలో కృషికి ఎర్నెస్ట్ ఒట్టో ఫిషర్, జెఫ్రీ విల్కిన్సన్‌లకు 1973లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఫెర్రోసీన్‌లోని ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను సులభంగా వదలి, తిరిగి గ్రహించగలదు. పాలిమర్ గొలుసుకు పక్కకొమ్మలుగా ఫెర్రోసీన్‌ను అతికించినప్పుడు ఈ గుణం అట్లే నిలుస్తుంది. లోహం మాత్రం గొలుసుకు బంధింపబడి, విడిపోయి కొట్టుకుపోకుండా ఉంటుంది. ఈ పాలిమర్ల ప్రయోజనాలలో అధికభాగం ఈ లక్షణంపైనే ఆధారపడి ఉన్నది.

తయారీ విధానాలు

తయారీకి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది, మెటల్లోసీన్ గల మోనోమర్‌ను పాలిమరీకరించడం. 1955లో అరిమోటో, హేవెన్ అనే శాస్త్రవేత్తలు వినైల్‌ఫెర్రోసీన్ నుంచి పాలీవినైల్‌ఫెర్రోసీన్‌ను తయారుచేశారు. అయితే ఫ్రీరాడికల్ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. పెరుగుతున్న గొలుసు కొసకు ఇనుము నుంచి ఎలక్ట్రాన్ చేరి పెరుగుదల ఆగిపోతుంది. ఫలితంగా పొట్టి గొలుసులు ఏర్పడతాయి. ఈ కారణంగా గొలుసు పొడవును అదుపులో ఉంచే ఆధునిక పాలిమరీకరణ పద్ధతులను, మెథాక్రిలేట్, నార్బార్నీన్ వంటి ఇతర మోనోమర్లను వాడుతున్నారు.

రెండవది, సిద్ధంగా ఉన్న పాలిమర్‌కు తరువాత మెటల్లోసీన్‌ను అతికించడం. 2022లో నోబెల్ బహుమతి పొందిన క్లిక్ రసాయన చర్య ఇందుకు అనువైనది.

ఉపయోగాలు

చేప చనిపోయిన తరువాత కండరాలలోని శక్తి పదార్థం ఏటీపీ క్రమంగా విచ్ఛిన్నమై హైపోజాంథీన్, జాంథీన్‌లుగా మారుతుంది. కాలం గడిచేకొలది ఇవి పేరుకుపోతాయి. 2011లో తుర్కియే పరిశోధకులు పాలీవినైల్‌ఫెర్రోసీన్ పూతపై బంగారు, ప్లాటినం నానో కణాలను, జాంథీన్ ఆక్సిడేజ్ ఎంజైమును నిలిపి జాంథీన్‌ను కొలిచే ఎలక్ట్రోడ్లను రూపొందించారు. ఎంజైము చర్యలో వెలువడే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిగించే విద్యుత్ ప్రవాహాన్ని బట్టి జాంథీన్ పరిమాణం తెలుస్తుంది. ఈ ఎలక్ట్రోడ్ తాజాదనాన్ని సూచిస్తుందే తప్ప ఫార్మలిన్‌ను గుర్తించదు. ఫార్మలిన్ పరీక్షకు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన పట్టీలు వేరుగా ఉన్నాయి.

రక్తంలో గ్లూకోజ్ కొలతకు ఫెర్రోసీన్ వినియోగం 1984లో వెల్లడైంది. 1989లో ఫెర్రోసీన్‌ను సిలికాన్ పాలిమర్‌కు అతికించి, అది ఎలక్ట్రోడ్ నుంచి కరిగిపోకుండా నిలిపారు.

ఘన ఇంధన రాకెట్లలో మండే వేగాన్ని పెంచేందుకు ఫెర్రోసీన్ ఉత్పన్నాలు ఉపకరిస్తాయి. విడిగా కలిపినవి కాలక్రమంలో ఇంధనంలో స్థానం మారుతాయి. అందుచేత హెచ్.టి.పి.బి. రబ్బరుకే ఫెర్రోసీన్‌ను అతికించిన బ్యూటాసీన్ అనే పదార్థాన్ని ఫ్రాన్స్‌లో రూపొందించారు.

కోబాల్టు గల పాలిమర్లు మందులకు లొంగని బాక్టీరియాపై పెన్సిలిన్ ప్రభావాన్ని పెంచుతాయని 2014లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఇది ప్రయోగశాల ఫలితం మాత్రమే. చేపల చెరువులలో వాడకానికి ఆమోదం పొందిన మందు కాదు.

పరిభాషలో జాగ్రత్త

విపణిలో ‘మెటల్లోసీన్ పాలిథిన్’ పేరుతో లభించే ఫిల్ములు ఈ కోవకు చెందవు. వాటి తయారీలో మెటల్లోసీన్ ఉత్ప్రేరకం మాత్రమే. గొలుసులో లోహం భాగం కాదు. వార్తలలోను, కొనుగోలు పత్రాలలోను ఈ రెంటినీ వేరుగా పేర్కొనడం అవసరం.

ప్రాంతీయ ప్రాధాన్యం

తాడేపల్లిగూడెంలో 2015లో ప్రారంభమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో కెమికల్ ఇంజనీరింగ్, లోహ, పదార్థ శాస్త్రం, బయోటెక్నాలజీ విభాగాలున్నాయి. ఏలూరులో 1945లో స్థాపితమైన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల ఉంది. ఎలక్ట్రోడ్ తయారీకి కావలసిన శాస్త్రవిభాగాలు, దానిని పరీక్షించదగిన చేపల కేంద్రాలు కొద్ది దూరంలోనే ఉండటం ఈ ప్రాంతానికి గల అనుకూలత. అయితే ప్రయోగశాలలో పనిచేసిన ఎలక్ట్రోడ్ మంచు, తేమ, లారీ ప్రయాణం నడుమ కూడా నిలకడగా పనిచేయవలసి ఉంటుంది.

కొల్లేరు 1999లో అభయారణ్యంగాను, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగాను గుర్తింపు పొందింది. బుడమేరు, తమ్మిలేరు మోసుకువచ్చేదంతా ఈ సరస్సుకే చేరుతుంది. వాడిన ఎలక్ట్రోడ్లు కాలువల పాలుకాకుండా తిరిగి సేకరించే ఏర్పాటును కూడా అటువంటి ప్రయత్నంలో తొలినుంచే చేర్చవలసి ఉంటుంది.