ఏనుగును పట్టిన కుక్క

గిలకలదిండి రేవున చేపల పడవలు ఒడ్డు చేరు వేళకు ఇసుకపై కుక్కలు కాచుకొని యుండును. అవి ఎవరివియు గావు. వల దులుపువారు విసరెడి చిన్నచేప వాని పాలు. ఈ బక్క ఊరకుక్కలకు అలవాటుపడిన కంటికి, ఏ ఇంటి వాకిటనో గొలుసున గట్టిన మాస్టిఫ్ గాని రాట్‌వైలర్ గాని కనబడినప్పుడు, ఇంతటి జంతువు మన దేశమునకు ఎట్లు వచ్చెనను ప్రశ్న పుట్టక మానదు. దాని వెనుకనే మరియొక ప్రశ్న: యజమాని విసిగి విడిచిననాడు అది యెక్కడికి పోవును?

మొదటి ప్రశ్నకు సమాధానము వెదకుచు బందరు నుండియే బయలుదేరవచ్చును. 1605లో డచ్చివారును, 1611లో గ్లోబ్ అను ఓడపై ఆంగ్లేయులును ఇచ్చటికి వచ్చి వర్తకమునకు పూనుకొనిరి. తీరమున నీటిలోతు చాలనందున ఓడలు దూరమున లంగరు వేయగా, సరకు చిన్నపడవలపై ఒడ్డు చేరెడిది. ఆ దినములలో ఏలికలకు కానుక లేక వర్తకము లేదు. బందరున అద్దకపు వస్త్రములు కొనుచున్న ఆ కంపెనీవారే పశ్చిమతీరమున సూరతులో మొగలు చక్రవర్తి జహంగీరును మెప్పింప యత్నించుచుండిరి. ఆయనకు విలాతి కుక్కలపై మక్కువ మెండు.

1615లో ఇంగ్లండు రాజు జేమ్సు పక్షమున రాయబారిగా వచ్చిన సర్ థామస్ రో కొలువున మతాచార్యుడుగా నుండిన ఎడ్వర్డ్ టెర్రీ ఈ కుక్కల కథ వ్రాసి యుంచెను. ఇంగ్లండున ఓడ యెక్కించిన మాస్టిఫ్‌లు అనేకము; ప్రాణములతో చేరినవి రెండే. వానిని చిన్నబండ్లలో దర్బారునకు కొనిపోవుచుండగా, ఒకటి కాపరి చేయి విదిలించుకొని ఒక పెద్ద ఏనుగుపై దుమికి, తొండము పట్టుకొని వ్రేలాడెనట. ఏనుగు ఎట్టకేలకు దానిని విసరి పారవైచెను. చక్రవర్తి సంతోషించి కుక్క యొక్కటికి నలుగురు సేవకుల నియమించెను: ఇద్దరు పల్లకి మోయుటకు, ఇద్దరు ఈగలు తోలుటకు. తన చేతితో మేపుటకై వెండి పటకారును చేయించెను.

ఈ కథ విన్నవారందరును ఏనుగును తలచుకొందురు. నాకు మాత్రము ఆ నలుగురు సేవకులే ముఖ్యులుగా తోతురు. పల్లకి రాజుగారి వేడుకయే కావచ్చును. అయినను చలిదేశపు భారీజంతువు మన యెండలో బ్రదుకవలెనన్న, దానికొరకే పనిచేయు మనుష్యులు కావలెనని దర్బారు గ్రహించినట్లున్నది. తరువాతి కాలమున కుక్కలు వచ్చినవి గాని సేవకులు రాలేదు.

పెద్దకుక్కలన్నియు విలాతివే యని యనుకొనరాదు. తమిళదేశమున రాజపాళయపు రాజులు తెలుగు మాటాడువారు. వారు తరతరములుగా పెంచిన తెల్లని వేటకుక్క ఆ ఊరి పేరనే ప్రసిద్ధి కెక్కి, 2005లో తపాలాబిళ్లపై కూడ నిలిచెను. ఆ మచ్చలేని తెలుపును కోరి పెంచుటలో ఒక చిక్కు గలదు. పిల్లలలో కొన్ని చెవిటివిగా పుట్టును. చెవిటిదని యెరుగని యజమాని దానిని మాట వినని కుక్కయని కొట్టును, పిదప వీధిపాలు చేయును.

అట్టివానికి ఆశ్రయ మెప్పటినుండి గలదు? 1832లో బొంబాయిలో వీధికుక్కలను చంపించుటపై పార్శీలు తిరుగబడగా అల్లరులు చెలరేగెను. రెండేండ్లకు, 1834లో, జంషెట్జీ జీజీభాయి మొదలగు వర్తకులు అచ్చట పింజరాపోలు స్థాపించిరి. లండనులో మేరీ టీల్బీ అను నామె తప్పిపోయిన కుక్కలకై ఒక గృహము తెరచినది 1860లో. పత్రికలు ఆమెను వేళాకోళము చేసెను. 1862లో చార్లెస్ డికెన్సు నడుపు పత్రిక మాత్రము ఒకే పేటలో బహుమతికుక్కల ప్రదర్శనమును, దానికి చేరువనున్న ఈ గృహమును ప్రక్కప్రక్కన పెట్టి చూపెను.

మన వాఙ్మయమునకు ఈ తలంపు క్రొత్తది కాదు. నన్నయగారి ఆదిపర్వమున తప్పు చేయని కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టి తరుమగా, తల్లి సరమ రాజసభకు వచ్చి నిలదీసెను. తిక్కనగారు ముగించిన భాగమున ధర్మరాజు స్వర్గమునకైనను కుక్కను విడిచి పోనొల్లడాయెను.

స్వతంత్ర భారతమున రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టమును, 1962లో జంతుసంక్షేమ మండలియు వచ్చెను. మద్రాసున 1964లో, హైదరాబాదున అక్కినేని అమల పూనికతో 1992లో బ్లూ క్రాసు సంస్థలు వెలసెను. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము రాట్‌వైలరు, మాస్టిఫ్‌లు మొదలగు 23 తెగల కుక్కలను దిగుమతి చేయుట, పెంచుట, అమ్ముట ఆపవలెనని రాష్ట్రములకు వ్రాసెను. సంబంధించినవారి మాట వినక చేసిన పనియని కర్ణాటక హైకోర్టు ఏప్రిలులోనే దానిని కొట్టివేసెను. కరచిన కుక్కను గూర్చిన భయము నిరాధారము కాదు. కాని కాగితముపై ఒక తెగను దోషిగా వ్రాసినచో, ఇంట నున్న దానిని రాత్రివేళ ఊరి వెలుపల విడిచి వచ్చు యజమానులకు అది సాకగును.

శరణాలయమునుండి అట్టి కుక్కను దత్తత తెచ్చుకొన దలచువారు ముందు దానితో కొన్ని దినములు పరిచయము చేసికొనవలెను. అది పసిపిల్ల కాదు. పూర్వగృహపు జ్ఞాపకములు దానికి గలవు. కఱ్ఱ యెత్తిన చేతిని చూచి వణకునో, పళ్లెము దగ్గరకు వచ్చినవానిపై గుఱ్ఱుమనునో అక్కడి పనివారి నడిగి తెలిసికొనవలెను. పెద్ద మాస్టిఫ్ బరువు 70 కిలోలు మించును. పట్టీని నిలబెట్టగల బలము ఇంట నొకరికి లేనిచో వీధికి కొనిపోవుట అపాయము. పిచ్చికుక్క వ్యాధికి టీకా ఏటేట వేయింపవలెను. మన డెల్టా ఉక్కలో పొట్టిముట్టె గల భారీకుక్క పగటివేళ రొప్పుచు పడియుండును; దానిని నడపించుట తెల్లవారుజాముననో చీకటిపడిన తరువాతనో కావలెను.

గొలుసు సంగతి వేరుగ చెప్పవలెను. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలకొలది జనమును, లెక్కకు మించిన పశువులను పొట్టన బెట్టుకొన్నది. నీరు వచ్చువేళ రాటకు కట్టిన జంతువునకు ఈత వచ్చియు ఫలము లేదు. తుఫాను హెచ్చరిక రేడియోలో వినబడిన రాత్రి ఆ గొలుసు విప్పువా రెవరు, అంత కుక్కను ఏ బండిలో ఎక్కించి ఏ మెరకకు చేర్తురు, ఎవరి ఇంట ఉంచుదురు? దత్తతకాగితముపై సంతకమునకు ముందే ఇంటివారందరు కూర్చుండి ఈ మాట తేల్చుకొనవలెను.