పోటోమాక్ దాటని రింగు రోడ్డు

వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట్లాడుకునేవి మూడే విషయాలు. వీసా, ఇల్లు, ట్రాఫిక్. మొదటి రెండింటి మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. మూడోదాని మీద మాత్రం, ముఖ్యంగా వర్జీనియాలో ఉండేవాళ్ళది, అందరిదీ ఒకటే మాట: "ఆ పోటోమాక్ మీద ఇంకో బ్రిడ్జి కట్టేస్తే పోలా? ఇంత డబ్బున్న దేశానికి ఆ మాత్రం చేతకాదా?"

చేతకాక కాదండీ. 1950ల నుంచీ అనుకుంటూనే ఉన్నారు. ఎందుకు కట్టలేదా అని తవ్వుకుంటూ పోతే నాకు దొరికింది ఇంజనీరింగ్ కథ కాదు, మన కృష్ణా నీళ్ళ పంచాయితీ లాంటి కథ. అందుకే ఈ టపా.

ముందు ఆ ఊరు తెలియనివాళ్ళ కోసం కాస్త భూగోళం. డీసీకి ఒక పక్క మేరీలాండ్, ఇంకో పక్క వర్జీనియా, మధ్యలో పోటోమాక్ నది. నగరం చుట్టూ 64 మైళ్ళ (సుమారు 103 కిలోమీటర్లు) రింగు రోడ్డు ఉంది. పేరు కాపిటల్ బెల్ట్‌వే, నంబరు ఇంటర్‌స్టేట్ 495. ఇది నదిని రెండు చోట్ల దాటుతుంది. దక్షిణాన వుడ్రో విల్సన్ బ్రిడ్జి (1961), వాయవ్యాన అమెరికన్ లీజియన్ బ్రిడ్జి (1962). 1964 ఆగస్టు 17న రింగు మొత్తం పూర్తయింది.

ఇప్పుడు చిక్కంతా వాయవ్యం వైపే. మేరీలాండులో రాక్‌విల్, గెయితర్స్‌బర్గ్, వర్జీనియాలో హెర్న్‌డన్, ఆష్‌బర్న్. మ్యాపు చూస్తే నదికి అటొకటి ఇటొకటి, పక్కపక్క ఊళ్ళలాగే ఉంటాయి. కారెక్కితే మాత్రం అమెరికన్ లీజియన్ బ్రిడ్జి దాకా కిందికొచ్చి మళ్ళీ పైకెళ్ళాలి. ఆ బ్రిడ్జి దాటాక నది వెంట పైకి వెళ్తే పాయింట్ ఆఫ్ రాక్స్ అనే చోట గానీ ఇంకో బ్రిడ్జి లేదు. మధ్యలో ముప్పై మైళ్ళ పైమాటే. ఆ మధ్యలో వైట్స్ ఫెర్రీ అని కార్లను అటూ ఇటూ దాటించే బల్లకట్టు ఒకటి ఉండేది. వర్జీనియా ఒడ్డున ఆ రేవున్న భూమి గురించి తగాదా వచ్చి, కోర్టుకెక్కి, 2020 డిసెంబరులో అదీ ఆగిపోయింది. ఒక్క బల్లకట్టుకే ఇంత గొడవైతే బ్రిడ్జి సంగతి మీరే ఊహించుకోండి!

సరే, అసలు కథకొద్దాం. ఆ రోజుల్లో ప్లాన్లు గీసినవాళ్ళు ఒక్క రింగుతో ఆగలేదు. మూడు గీశారు. నగరం లోపల ఒకటి (ఇన్నర్ లూప్), శివార్లలో ఒకటి (బెల్ట్‌వే), ఇంకా బయట మరొకటి (ఔటర్ బెల్ట్‌వే). మూడింట్లో పూర్తయింది మధ్యదొక్కటే. ఎందుకంటే బెల్ట్‌వే కట్టేనాటికి అది వెళ్ళే దారి చాలావరకు పొలాలూ, అడవులూ. అడ్డం చెప్పేవాళ్ళు తక్కువ. పైగా 1956 చట్టం ప్రకారం ఇంటర్‌స్టేట్ రోడ్లకి నూటికి 90 వంతుల డబ్బు కేంద్రం ఇచ్చేది.

లోపలి రింగు ఇళ్ళ మీదుగా పోవాలి. జనం తిరగబడ్డారు, రోడ్డు రద్దయింది. 1973 చట్టం పుణ్యమా అని రోడ్ల డబ్బుని రైళ్ళకి మళ్ళించుకునే వీలు దొరికింది. 1976లో మొదలైన మెట్రో రైలుకి అలా చాలా డబ్బు చేరింది. ఇదొక మంచి మలుపే. కానీ దాని పక్కనే ఇంకోటి జరిగింది. ఫ్లోరిడా నుంచి మెయిన్ దాకా వెళ్ళే ఇంటర్‌స్టేట్ 95 డీసీ నడిబొడ్డునుంచి పోవాల్సింది. అదీ రద్దవడంతో 1977లో దాన్ని తీసుకొచ్చి బెల్ట్‌వే తూర్పు సగానికి తగిలించారు. ఊళ్ళోవాళ్ళు ఆఫీసుకెళ్ళే రోడ్డు మీదకి దేశం మొత్తం లారీలు వచ్చి పడ్డాయి.

అప్పుడు అందరి చూపూ బయటి రింగు మీదకి మళ్ళింది. అసలు తగువు మొదలైంది అక్కడే.

మేరీలాండ్ వైపు మాంట్‌గమరీ కౌంటీ ఉంది. వాళ్ళ 1964 ప్లాను ఏంటంటే, అభివృద్ధి అరచేతి నుంచి వేళ్ళు విచ్చుకున్నట్టు కొన్ని పెద్ద రోడ్ల వెంట మాత్రమే జరగాలి, వేళ్ళ మధ్య ఖాళీల్లో పొలాలూ పచ్చదనం ఉండాలి. కాగితం మీద రాసి ఊరుకోలేదు. 1980లో నదిని ఆనుకుని ఉన్న ప్రాంతంతో సహా 93,000 ఎకరాలను వ్యవసాయానికి కేటాయించేశారు. అక్కడ 25 ఎకరాలకి ఒక ఇల్లే కట్టుకోవాలి. మరి రైతుకి నష్టం కదా? అందుకని ఆ రైతు తన పొలంలో ఇళ్ళు కట్టే హక్కుని ఊరి వైపు కట్టుకునే బిల్డర్లకి అమ్ముకోవచ్చన్నారు. పొలం రైతుదే, డబ్బూ వస్తుంది, ఇళ్ళు మాత్రం ఇంకోచోట లేస్తాయి. 1980లోనే ఇలాంటి ఏర్పాటు ఆలోచించారంటే మెచ్చుకోవాల్సిందే. ఇప్పుడు కొత్త బ్రిడ్జి నుంచి వచ్చే రోడ్డు ఎటు తిరిగినా ఈ పొలాల మీదుగానో, లేకపోతే నది పక్కనున్న ఖరీదైన ఇళ్ళ మీదుగానో పోవాలి.

వర్జీనియా వైపు కథ పూర్తిగా వేరు. 1962లో డల్లెస్ విమానాశ్రయం తెరిచారు. దాని చుట్టూ టోల్ రోడ్డు, ఆ రోడ్డు వెంట ఆఫీసులు, ఆఫీసుల వెనక కాలనీలు. లౌడన్ కౌంటీ జనాభా 1990లో 86 వేలు, 2020కి 4 లక్షల 20 వేలు. ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్లు, మనవాళ్ళ ఇళ్ళు, మనవాళ్ళ ఇళ్ళలో మళ్ళీ డేటా సెంటర్లలో పనిచేసేవాళ్ళు :-) ఇంతమందిలో నది అవతల ఉద్యోగమో, చుట్టాలో, లాన్‌హామ్‌లోని శివ విష్ణు ఆలయమో ఉన్న ప్రతివాడికీ ఇంకో బ్రిడ్జి కావాలి.

అంటే వర్జీనియాకి బ్రిడ్జి ఒక సౌకర్యం. మాంట్‌గమరీకి అదే బ్రిడ్జి నలభై ఏళ్ళు కాపాడుకున్నదాని మీదుగా పోయే రోడ్డు. పైగా ఆ రోడ్డెక్కి తమ ఉద్యోగాలూ పన్నులూ అవతలి ఒడ్డుకి పోతాయేమోనన్న భయం కూడా.

ఇక్కడ నదిది ఇంకో తిరకాసు. పోటోమాక్ సరిహద్దు నది కదా, సగం సగం అనుకుంటాం. కాదు! 1632లో ఇంగ్లండు రాజు లార్డ్ బాల్టిమోర్‌కి రాసిచ్చిన పత్రంలో నది మొత్తం, వర్జీనియా ఒడ్డు దాకా, మేరీలాండుకే వెళ్ళింది. దాని మీద 1785లో జార్జ్ వాషింగ్టన్ ఇంట్లో కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. 1877లో మధ్యవర్తులు తీర్పిచ్చారు. అయినా తెగలేదు. 1996లో వర్జీనియా వైపు ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ నీటి సంస్థ నది మధ్యదాకా తాగునీటి పైపు వేసుకుంటామంటే మేరీలాండ్ అధికారులు అడ్డుపడ్డారు. ఏమని? ఆ నీళ్ళొస్తే వర్జీనియాలో కాలనీలు ఇంకా విస్తరిస్తాయని! తాగే నీటి పైపు మీద చెప్పిన అభ్యంతరం ఇది. చివరికి సుప్రీంకోర్టు 2003లో, మేరీలాండ్ అనుమతి లేకుండానే వర్జీనియా నీళ్ళు తీసుకోవచ్చని చెప్పింది.

ఈ ఒక్క కేసు చదివితే బ్రిడ్జి గొడవ మొత్తం అర్థమవుతుంది. పైపైన తగువు పైపు గురించో, రోడ్డు గురించో. లోపల తగువు ఎదుగుదల ఏ ఒడ్డున జరగాలి, దాని ఖర్చు ఏ ఒడ్డు మొయ్యాలి అని. బ్రిడ్జి విషయంలో అయితే వర్జీనియాకి కోర్టు కూడా సాయం చెయ్యలేదు. పైపు ఒక ఒడ్డు నుంచి వేసుకోవచ్చు. బ్రిడ్జికి రెండో కొస అవతలి ఒడ్డునే దిగాలి కదా.

వర్జీనియా కాంగ్రెస్ సభ్యుడు ఫ్రాంక్ వుల్ఫ్ 2000లో కొత్త బ్రిడ్జి మీద అధ్యయనానికి డబ్బు సంపాదించాడు. రెండు ఒడ్లనీ టెక్నాలజీ కంపెనీలని కలిపే రోడ్డు కాబట్టి 'టెక్‌వే' అన్నారు. అది ఏయే ఇళ్ళ మీదుగా పోవాల్సొస్తుందో బయటికి రాగానే గోల మొదలైంది. 2001లో, అడిగిన వుల్ఫే అధ్యయనం ఆపెయ్యమన్నాడు. మనవాళ్ళు "మేరీలాండ్ వాళ్ళు మొండివాళ్ళు" అంటుంటారు గానీ, వర్జీనియా వాళ్ళూ తక్కువేం కాదు. మనాసస్ యుద్ధభూమి పక్కనుంచి ఉత్తర దక్షిణాలుగా ఒక పెద్ద రోడ్డు వేద్దామంటే 2013లో అక్కడి జనం ఇలాగే లేచారు. అదీ ఆగింది. రోడ్డు అందరికీ కావాలి, మన పెరటి పక్కనుంచి మాత్రం వద్దు.

మరి బయటి రింగులో ఏదీ కట్టలేదా అంటే, కట్టారు. మేరీలాండులో ఇంటర్‌కౌంటీ కనెక్టర్, ముద్దుగా ఐసీసీ (క్రికెట్ వాళ్ళది కాదు). మాంట్‌గమరీ, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలని కలిపే రోడ్డు, సుమారు 30 కిలోమీటర్లు. దశాబ్దాల పాటు ప్లానులో ఉంది, 1983లో ఒక పర్యావరణ నివేదిక, 1997లో ఇంకోటి. 1999లో గవర్నరు ప్యారిస్ గ్లెండెనింగ్ ఈ రోడ్డు వద్దనేశాడు. 2002 ఎన్నికల్లో కథ తిరిగింది. మాంట్‌గమరీ కౌంటీ పెద్ద డగ్ డంకన్ ట్రాఫిక్ కష్టాలనే నినాదం చేసుకుని తన మనుషుల్ని కౌన్సిల్‌కి గెలిపించుకున్నాడు. ఐసీసీ కడతానన్న రాబర్ట్ ఎర్లిక్ గవర్నరయ్యాడు. 2006లో కేంద్రం అనుమతి, 2007లో కోర్టులో పర్యావరణవాదుల ఓటమి, 2011లో రోడ్డు. ఖర్చు 240 కోట్ల డాలర్ల పైమాటే. అందులో వాగులూ అడవుల కోసమే సుమారు 37 కోట్ల డాలర్లు పెట్టారు. దారిలో ఉన్న తాబేళ్ళని వందలకొద్దీ ఏరి వేరే చోట వదిలారు కూడా.

ఇంతా చేసి, ఐసీసీ వల్ల బెల్ట్‌వే మీద రద్దీ పెద్దగా తగ్గదని ప్రభుత్వం వాళ్ళ అధ్యయనమే చెప్పింది. ఆ రెండు కౌంటీల మధ్య తిరిగేవాళ్ళకి మాత్రం హాయిగా ఉంది, టోల్ కట్టగలిగితే.

వర్జీనియాలో అలాగే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్క్‌వే వచ్చింది, పూర్తిగా ఒక్క కౌంటీ లోపల. దక్షిణాన వుడ్రో విల్సన్ బ్రిడ్జిది ఇంకా విచిత్రం. రోజుకి 75 వేల వాహనాల కోసం కట్టిన బ్రిడ్జి మీద సుమారు 2 లక్షలు తిరిగేవి. దాన్ని పడగొట్టి 2006లో ఒకటి, 2008లో ఒకటి, రెండు కొత్త వంతెనలు కట్టేశారు. ఎలా కుదిరిందంటే పాత బ్రిడ్జి సొంతదారు ఏ రాష్ట్రమూ కాదు, కేంద్రం. రెండు ఒడ్ల వాళ్ళూ అరుచుకున్నారు, బోలెడు కేసులు నడిచాయి, కానీ డబ్బులో పెద్ద వాటా పెట్టి "ఇది నాది" అని నిలబడేవాడు ఒకడున్నాడు.

ఇప్పుడు వరస గమనించండి. కట్టినవన్నీ మొదటి నుంచి చివరి దాకా ఒకే యజమాని ఉన్న ముక్కలు. మిగిలిపోయినది ఇద్దరి మధ్య ఉన్న ముక్క. మన ప్రాజెక్టుల్లో చూడమూ? రెండు టీములు ఎవరి మాడ్యూలు వాళ్ళు బ్రహ్మాండంగా రాస్తారు, మధ్యలో ఇంటర్‌ఫేస్ ఎవరిదీ కాదు. రింగు రోడ్డనేది మ్యాపు మీద గుండ్రంగా ఒకటే గీత. నిర్ణయాలు తీసుకునేవాళ్ళకి మాత్రం అది నాలుగైదు తునకలు.

తర్వాత కూడా ఇదే వరస. 2017లో ఆ ప్రాంతపు రవాణా ప్రణాళికా మండలి మెచ్చి ఎంచుకున్న ఐదు ఆలోచనల్లో కొత్త బ్రిడ్జి లేదు. 2019 నవంబరులో ఇద్దరు గవర్నర్లు, మేరీలాండ్ హోగన్, వర్జీనియా నార్తమ్, పాత అమెరికన్ లీజియన్ బ్రిడ్జినే కొత్తగా, వెడల్పుగా కడదామని చేతులు కలిపారు. మేరీలాండ్ వైపు టోల్ లేన్ల పని తీసుకున్న కంపెనీ 2023 మార్చిలో తప్పుకుంది.

హైదరాబాదులో అయితే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పన్నెండేళ్ళలో కట్టేశాం కదా, 2006లో మొదలుపెట్టి 2018లో చివరి ముక్క పూర్తి చేశాం కదా, అని మీరనొచ్చు. నిజమే. మధ్యలో రాష్ట్రం రెండైనా రోడ్డు మొత్తం ఒకే ప్రభుత్వం చేతిలో ఉంది. కానీ అక్కడ తగువు లేదనుకుంటే పొరపాటు. అలైన్‌మెంట్ ఎవరి భూములు తప్పించడానికి ఎటు వంగిందన్న ఆరోపణలూ, పొలాలు పోయిన రైతుల కేసులూ ఎన్ని ఏళ్ళు నడిచాయో మనకి తెలుసు. ఇప్పుడు రీజినల్ రింగు రోడ్డుకీ అవే గొడవలు. మాంట్‌గమరీ రైతుకి తన తరఫున వద్దనగలిగే కౌంటీ ఉంది. మన రైతుకి కోర్టు గుమ్మం ఒక్కటే ఉంది. తగువు రెండు చోట్లా ఉంది. అక్కడ రోడ్డు ఆగింది, ఇక్కడ రైతు ఆగాడు.

ఏది మేలంటే నేను ఒక పక్కకి మొగ్గలేను. రోజూ బ్రిడ్జి మీద గంటలు పోగొట్టుకునేవాళ్ళది నిజమైన నష్టం. రోడ్డు రాదన్న భరోసా మీద 1980లో హక్కులు అమ్ముకున్న రైతుకి ఇచ్చిన మాటా నిజమే. నాకు తోచిన దారి ఒకటే. బ్రిడ్జి వల్ల లాభపడే ఒడ్డు, నష్టపోయే ఒడ్డుకి ఏమిస్తుందో ముందు లెక్క తేల్చాలి. టోల్‌లో వాటానో, పన్నుల్లో వాటానో, బ్రిడ్జి అవతల కొత్త ఎగ్జిట్లు పెట్టమన్న రాతపూర్వక హామీనో. మాంట్‌గమరీలో 1980లో ఒకే కౌంటీ లోపల పొలాలకీ కాలనీలకీ మధ్య ఇలాంటి లెక్కే కుదిర్చారు. రెండు రాష్ట్రాల మధ్య దాన్ని కుదిర్చే పనికి ఇంతవరకు ఎవరూ గట్టిగా పూనుకోలేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఇంకో బ్రిడ్జి కట్టేస్తే పోలా" అంటే, అవతలి ఒడ్డుకి ఏమిద్దామనుకుంటున్నారో అడిగి చూడండి.