పొలిమేర చుట్టే దేవతలు: సుల్తాన్‌పూర్ పరిసరాల ఊరేగింపులు, జపాన్ పల్లెల షింటో జాతరలు

సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలోని సుల్తాన్‌పూర్ పేరు ఇవాళ పత్రికలకెక్కేది వైద్య పరికరాల పార్కు వల్ల. ప్రభుత్వం 2017లో 250 ఎకరాల్లో దానికి పునాది వేసింది. (జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉన్న సుల్తాన్‌పూర్ కూడా ఈ జిల్లాలోదే గానీ అది వేరే ఊరు.) పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు, కాస్త అవతల కాజీపల్లి, బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు. ఈ ప్రాంతానికి జపాన్ కొత్తది కాదు. ఔటర్‌లో కొంత భాగం జపాన్ సహకార సంస్థ జైకా ఇచ్చిన అప్పుతో పడింది. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణానికి ఆ సంస్థ సాయం అందింది. రుద్రారంలో తోషిబా ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. ఈ వ్యాసం ఎత్తుకున్నది మాత్రం అప్పులకూ యంత్రాలకూ సంబంధంలేని పోలిక. ఊరి దేవత ఏడాదికోసారి గుడి దాటి వచ్చి తన నేలను చుట్టి పోవడమనే ఆచారం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. పరిశ్రమలు వచ్చాక రెండుచోట్లా అది ఏమైందన్నదే ప్రశ్న.

నా వాదన ముందే చెబుతాను. తెలంగాణ పల్లెలో పోచమ్మకైనా, జపాన్ పల్లెలో ఊరి కాపుదేవుడు ఉజిగామికైనా ఏలుబడి ఒక హద్దుకు లోబడినది. ఆ హద్దులో పుట్టి, ఆ నీళ్లు తాగి, ఆ పంట తినేవాళ్లంతా నమ్మినా నమ్మకపోయినా ఆ దేవత బిడ్డలే. అందుకే ఊరేగింపును భక్తి ప్రదర్శనగా మాత్రమే చదివితే సగమే అర్థమవుతుంది. ఏటా ఊరి ఎల్లలను కాళ్లతో కొలిచి, ఇంత మేర మనదని అందరి ఎదుటా చాటే పని అది. ఆధునిక కాలం జపాన్‌లో హద్దును ఉంచి మనుషులను ఖాళీ చేసింది, పటాన్‌చెరు పట్టీలో మనుషులను తెచ్చిపోసి హద్దును చెరిపింది. ఒకే రకం ఆచారం మీద రెండు ఎదురు ఒత్తిళ్లు పడ్డాయి కాబట్టే ఈ పోలిక పనికొస్తుంది.

మన వైపు ఆచారంలో అన్నిటికన్నా పాతదీ గట్టిదీ పొలి చల్లడం. బోనాలంటే పసుపు పూసిన కుండ, వేపమండలు, పైన దీపం, పోతరాజు కొరడా అందరికీ కనిపిస్తాయి. పొలి మాత్రం పగటి జనానికి కనిపించేది కాదు. జాతర ముగిసే రాత్రి, బలి ఇచ్చిన జీవం నెత్తురు కలిపిన అన్నాన్ని గంపకెత్తుకుని, డప్పుల మోతతో, దివిటీల వెలుగులో ఊరి పొలిమేర పొడవునా చల్లుకుంటూ పోతారు. పొలి మోసేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. పొరుగూరివాళ్లు ఆ పొలిలో పిడికెడు ఎత్తుకుపోతే ఊరి పంట, ఊరి చలువ వాళ్లకు పోతాయన్న భయం ఉండేది, అందుకని కర్రలు పట్టుకుని కావలి కాసేవాళ్లు. తెలుగు ప్రాంతాల్లో ఇలాంటి తంతులను హెన్రీ వైట్‌హెడ్ తన ‘ది విలేజ్ గాడ్స్ ఆఫ్ సౌత్ ఇండియా’లో (1916), అంతకు ఏడాది ముందు ఎల్మోర్ తన గ్రంథంలో వివరించారు. వాళ్లిద్దరూ క్రైస్తవ మత ప్రచారకులు కావడంతో నెత్తురు మీద నిలిచినంతగా వాళ్ల చూపు నడిచిన దారి మీద నిలవలేదు. నాకు ముఖ్యమనిపించేది ఆ దారే. ఏ చెట్టు దగ్గర ఆగాలి, ఏ వాగు దాటకూడదు, ఏ బండ దగ్గర పొరుగూరి హద్దు మొదలవుతుంది అన్నది పొలి మోసినవాడికి ఎవరూ కాగితం చూపించకుండానే తెలుసు. దసరానాడు జమ్మి కోసం పొలిమేరకు పోవడంలోనూ, పీర్ల పండుగలో సవారీ ఊరి వీధులన్నీ తిరగడంలోనూ ఇదే నడక తర్కం పనిచేస్తుంది. మెతుకుసీమ (మెదక్) పల్లెల్లో పీర్లను ఎత్తుకున్నవాళ్లలో హిందువులూ ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉందని అనుకుంటాను. ఊరు చుట్టే దేవుడు ఏ మతంవాడైనా ఊరి దేవుడే.

ఊరి నడుమ బొడ్రాయి, ఊరి చివర పొలిమేర రాయి. ఈ రెండిటి మధ్యే ఊరేగింపంతా. బొడ్రాయి ప్రతిష్ఠ జరిగే వేళ ఊరు కట్టడి చేస్తారు, అంటే లోపలివాళ్లు బయటికి పోరాదు, బయటివాళ్లు లోపలికి రారాదు. పెళ్లిళ్లయి వెళ్లిన ఆడబిడ్డలను మాత్రం పిలిపించి ఒడిబియ్యం పోస్తారు. ఎవరు ఊరివాళ్లు, ఎవరు కాదు అన్న లెక్క ఆ ఒక్కరోజు తేలిపోతుంది. మూడు షిఫ్టుల బస్సులు తిరిగే ఊళ్లో ఈ కట్టడి ఎలా సాగుతుంది?

జపాన్ వైపు చూద్దాం. అక్కడ ఊరి కాపుదేవుడు ఉజిగామి, ఆ హద్దులోని కుటుంబాలు ఉజికో. పండుగనాడు పూజారి దేవుడిని గర్భగుడి నుంచి మికోషి అనే పల్లకీలోకి మారుస్తాడు. చాలాచోట్ల ఇది చీకట్లో, ఎవరూ చూడకుండా జరుగుతుంది. ఆ తర్వాత మికోషిని భుజాలకెత్తుకుని కేకలు పెడుతూ, కావాలనే ఊపుతూ, కుదుపుతూ ఊరంతా తిప్పుతారు. ముందు నడిచేది సరుతహికో, పొడుగు ముక్కు ముసుగు వేసుకున్న దారి చూపే దేవుడు. మన ఊరేగింపుకు ముందు పోతరాజు నడిచే తీరు తెలిసినవాళ్లకు ఈ పాత్రను పరిచయం చేయనక్కర్లేదు. హద్దులో ఒకచోట ఒతబిషో అనే విడిదిలో దేవుడు ఆగుతాడు, కొన్ని ఊళ్లలో రాత్రి అక్కడే బస చేస్తాడు. తిరిగి గుడి చేరాక నైవేద్యాన్ని, బియ్యపు సారాను అందరూ కూర్చుని పంచుకుంటారు. మన సాకలో కల్లు ధార భూమికి పోతుంది, అక్కడి సారా మనుషుల గొంతులోకి పోతుంది. ఈ ఒక్క తేడా మీదే వేరే వ్యాసం రాయవచ్చు.

అసలు తేడా బాధ్యతల పంపకంలో ఉంది. క్యోటో, నారా చుట్టుపక్కల కింకి ప్రాంతపు పల్లెల్లో తోయా అనే పద్ధతి ఉంది. ఏటా ఒక ఇల్లు వంతుగా దేవుడి పని నెత్తికెత్తుకుంటుంది. ఆ ఇంటి పెద్ద ఏడాదంతా నియమాలు పాటిస్తాడు, పండుగ బరువు మోస్తాడు, తర్వాత వంతు పక్కింటికి పోతుంది. మన పల్లెలో వంతు తిరగదు, కులానికి అతుక్కుని ఉంటుంది. కుమ్మరి కుండ ఇవ్వాలి, కొన్నిచోట్ల ఆయనే పూజారి. చాకలి దివిటీ పట్టాలి. మాదిగలు డప్పు కొట్టాలి. బైండ్లవాళ్లు జమిడిక మీద కథ చెప్పి పట్నం ముగ్గు వేయాలి. ఎస్.సి. దూబే 1950ల మొదట్లో హైదరాబాద్ పొరుగునే ఉన్న శామీర్‌పేటలో పరిశోధన చేసి 1955లో ‘ఇండియన్ విలేజ్’ ప్రచురించాడు. ఊరి దేవత పండుగ ఊరందరిదీ, పని మాత్రం కులానికొకటి అన్న చిత్రం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ఏర్పాటును ఐకమత్యమని పొగిడే రచనలు చాలా వచ్చాయి. నేను ఆ మాటతో ఏకీభవించలేను. ఊరేగింపు ముందు డప్పు కొట్టినవాడిని గుడి మెట్టెక్కనివ్వని ఊళ్లు ఉన్నాయి. దేవత పేరు చెప్పి ఆడపిల్లలను జోగినులుగా మార్చిన దురాచారాన్ని ఆపడానికి 1988లో చట్టమే చేయాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిన మాదిగ యువకుడు ‘నేను డప్పు కొట్టను’ అంటే అది పండుగకు లోటే గానీ, అతనికి న్యాయం. జీతం, గౌరవం ఇచ్చి పిలిస్తే వచ్చే డప్పు బృందాలు ఇప్పుడు ఉన్నాయి. వాళ్లు వచ్చినంత మాత్రాన పండుగ పలచబడుతుందని నేను అనుకోను.

వంతు పద్ధతికి తన చిక్కు తనకుంది. వంతులు తిరగాలంటే ఇళ్లుండాలి. జనాభాలో సగానికి మించి 65 ఏళ్లు దాటినవాళ్లే ఉన్న పల్లెలకు సామాజిక శాస్త్రవేత్త ఓనో అకిరా ‘గెంకై షూరాకు’ అని పేరు పెట్టాడు, అంటే అంచుకు చేరిన ఊళ్లు. అలాంటి ఊళ్లో మికోషి ఎత్తే భుజాలుండవు. కొన్ని చోట్ల పల్లకీని చిన్న ట్రక్కు మీద తిప్పుతారు, కొన్ని చోట్ల పట్నాల నుంచి విద్యార్థులను పిలిపిస్తారు. కొరత కొన్ని తలుపులు కూడా తెరిచింది. పల్లకీ దగ్గరికి రానివ్వని ఆడవాళ్లనే ఇప్పుడు చాలా ఊళ్లు పిలుస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఐచి ప్రిఫెక్చర్‌లోని కొనోమియా ఆలయం ప్రసిద్ధమైన హదక మత్సురి (నగ్నోత్సవం)లో ఒక ఘట్టానికి స్త్రీల బృందాన్ని మొదటిసారి అనుమతించింది. మన బోనం మొదటినుంచీ ఆడవాళ్ల నెత్తి మీదే ఉంది. ఈ ఒక్క విషయంలో పోచమ్మ ఊళ్లు ముందున్నాయి.

ఇక సుల్తాన్‌పూర్ పరిసరాల్లో హద్దు చెరిగిన తీరు. ఈ ప్రాంతపు ఊళ్లకు చెరువు కట్టే ఒక వైపు ఎల్ల. కట్ట మీద మైసమ్మ ఉంటుంది, కట్ట తెగకుండా కాపాడే తల్లి ఆమె. అమీన్‌పూర్ పెద్దచెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ గౌరవం దక్కని చెరువుల కథ వేరు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరాకు చేరడంపై 1990లోనే సుప్రీంకోర్టుకు కేసు వెళ్లింది. డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి దాని మీద పోరాడారు. గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలిన రోజులూ ఉన్నాయి. కట్ట తెగితే కాపాడమని మైసమ్మను అడగడానికి మంత్రాలున్నాయి, మొక్కులున్నాయి. కట్ట నిలిచి ఉండగానే నీళ్లు విషమైతే ఏ మొక్కు మొక్కాలో పాత ఆచారంలో లేదు. బోనాల చివర ఘటాన్ని సాగనంపేది నీళ్లలోకే కాబట్టి ఈ సమస్య పూజకు బయటిది కాదు, పూజ చివరి అడుగే అక్కడ ఆగిపోతుంది. కాలుష్యం మీద వచ్చిన పరిశోధనలు బోర్లను, పంటలను, జబ్బులను లెక్కించాయి. ఊరేగింపు ఎక్కడ దారి మార్చుకుందో కూడా నష్టం పద్దులో రాయాలని నేను కోరుతాను.

పాలన హద్దులు మారడం రెండో దెబ్బ. ఇక్కడ జపాన్ అనుభవం మనకు ముందే రాసిపెట్టిన పాఠం. మేజీ ప్రభుత్వం 1888, 1889లలో ఊళ్లను కలిపేసి, సుమారు 71,000 పట్టణాలు, పల్లెలను 16,000 లోపుకు తెచ్చింది. పాలనకు ఊళ్లు కలిశాక, ఒక ఊరికి ఇన్ని గుళ్లెందుకన్న ప్రశ్న వచ్చింది. 1906లో గుళ్ల విలీనం మొదలైంది. అప్పటికి దేశంలో సుమారు 1,90,000 షింటో ఆలయాలుండగా, పదేళ్లలో దాదాపు 70,000 మాయమయ్యాయి. మీయె, వకయమ ప్రాంతాలకు తగిలిన దెబ్బ మరీ పెద్దది. వకయమకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త మినకత కుమగుసు దీన్ని ఎదిరించాడు, 1910లో కొద్దిరోజులు జైలుకూ వెళ్లాడు. గుడి పోతే దాని చుట్టూ ఉన్న దేవుడి వనం నరికేస్తారు, వనం పోతే పక్షులు పోతాయి, పురుగులు పంట మీద పడతాయి, ఊరికి కలిసి కూర్చునే చోటు పోతుందని అతను వాదించాడు. 1920 నాటికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అప్పటికే పోయిన గుళ్లలో కొన్నిటిని ఊళ్లవాళ్లు తిరిగి తెచ్చుకున్నారు, చాలా ఊరేగింపులు మాత్రం మళ్లీ నడవలేదు.

మన దగ్గర గుళ్లను కలిపిన ప్రభుత్వం లేదు. ఊళ్లను కలపడం మాత్రం జరిగింది. 2024లో ఔటర్ చుట్టుపక్కల పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు సుల్తాన్‌పూర్ అమీన్‌పూర్ మున్సిపాలిటీలో చేరింది. సర్పంచ్ పదవి పోయిన చోట జాతర తేదీ నిర్ణయించడానికి ఊరిపెద్దలను పిలిచేదెవరు? ఇంటింటి చందాకు ఇల్లంటే ఏది, అపార్టుమెంటులో అద్దెకున్నవాళ్లది కూడానా? వార్డు హద్దులు గీసినవాళ్ల కాగితంలో పొలి దారి లేదు. మినకత కుమగుసు మాటలు చదివినప్పుడల్లా, లేఅవుట్ చదును చేస్తూ పోచమ్మ గుడిని వదిలి, దాని పక్క వేపచెట్టును కొట్టేసే మన అలవాటు గుర్తొచ్చి కష్టమనిపిస్తుంది. గుడికి కొత్తగా సిమెంటు గోపురం కడతారు. నీడ మాత్రం తిరిగి రాదు.

పెద్ద జాతరలకు ఇంత కష్టం లేదు. 2014లో బోనాలు రాష్ట్ర పండుగయ్యాయి. మంజీరా ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గ భవాని సన్నిధిలో శివరాత్రికి జరిగే ఏడుపాయల జాతర, అందులో బండ్ల ఊరేగింపు లక్షల మందిని రప్పిస్తున్నాయి. జపాన్‌లోనూ అంతే. 33 రథోత్సవాలను యునెస్కో 2016లో కలిపి తన జాబితాలో చేర్చింది. అందరూ చూడటానికి వచ్చే పండుగలకు నిధులున్నాయి. ఎవరూ చూడకుండా రాత్రిపూట పొలిమేర చుట్టే పండుగకు అవి చేరవు.

ఈ పట్టీలో ఊరేగింపు భవిష్యత్తు కొత్తగా వచ్చినవాళ్ల చేతిలోనే ఉందని నేను అనుకుంటున్నాను. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చిన కార్మికులు ఈ ఫ్యాక్టరీలను నడుపుతున్నారు. పాత లెక్కలో వాళ్లు బయటివాళ్లు, పొలి రాత్రి పొలిమేరకు అవతల ఉండాల్సినవాళ్లు. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల దగ్గర బిహారీలు ఛఠ్ పూజ చేసుకుంటారు. నెత్తిన గంపలతో, పాటలతో వాళ్లు చేరేది చెరువు గట్టుకే. మైసమ్మ కాపలా కాసేదీ ఆ గట్టునే. జపాన్ కంపెనీలు మరో దారి తొక్కాయి. టయోటాతో సహా చాలా సంస్థలు ఫ్యాక్టరీకి సొంత గుడి కట్టుకున్నాయి. ప్రహరీ లోపలి ఆ దేవుడు కంపెనీ వరకే, ఊరిని చుట్టడు. మన ఫ్యాక్టరీల గేటు పక్క వెలిసే చిన్న మైసమ్మ గుళ్లూ ఆ బాటలోనే ఉన్నాయి. ఊరి బోనాలకు చందా ఇచ్చే యాజమాన్యం తన కార్మికులను కూడా ఆ ఊరేగింపులో నడవనిస్తే, నడవడానికి ఆ పూట సెలవిస్తే, హద్దు అర్థం మారుతుంది.

అందుకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. సుల్తాన్‌పూర్, అయిలాపూర్, కిష్టారెడ్డిపేట, గండిగూడెం, కాజీపల్లి లాంటి ఊళ్లలో పొలి మోసినవాళ్లు, బొడ్రాయి కట్టడి చూసినవాళ్లు ఉన్నంతలోనే వాళ్లతో ఆ దారి నడిచి, రెవెన్యూ గ్రామపటం మీద గీయించాలి. పటంలో వాగు పోయినచోట వాగని, చెట్టు పోయినచోట చెట్టని రాయాలి. డప్పు కొట్టిన కుటుంబాలు తమ మాటగా ఏం చెబుతాయో విడిగా నమోదు చేయాలి, ఎందుకంటే ఊరిపెద్ద చెప్పే దారీ, డప్పుతో ముందు నడిచినవాడు చెప్పే దారీ ప్రతిసారీ ఒకటి కావు.