ఇంద్రవెల్లి కథ ఎక్కడ మొదలవుతుంది?



ఏటా ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి అమరుల స్తూపం ముందు మనం తల వంచుతాం. మీలో చాలామంది ఆ ఘటన జరిగిన ఎన్నో ఏళ్లకు పుట్టినవాళ్లు. "ముందు మీవాళ్లే పోలీసును చంపారట కదా?" అని కాలేజీలోనో, హాస్టల్లోనో ఎవరైనా అడిగితే మీరు ఏం చెబుతారు? ఆ ప్రశ్నకు కోపం జవాబు కాదు, మౌనం అంతకంటే కాదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా అందరూ ఒప్పుకునే సంగతులు చూద్దాం. 1981 ఏప్రిల్ 20 సోమవారం, ఇంద్రవెల్లిలో సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం అదే రోజున సభ తలపెట్టింది. ఆ సంఘం వెనుక పీపుల్స్ వార్ పార్టీ ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. సాగు చేసుకుంటున్న భూములకు పట్టాలు కావాలి, అటవీ సిబ్బంది వేధింపులు, షావుకార్ల దోపిడీ ఆగాలి అన్నవి సభ కోర్కెలు. సభకు మొదట ఇచ్చిన అనుమతిని అధికారులు తర్వాత రద్దు చేసి 144 సెక్షన్ పెట్టారు. అప్పటికే గూడేల నుంచి జనం కదిలారు. సభ కోసం వచ్చినవాళ్లున్నారు, ఉప్పు, నూనె కొనుక్కోవడానికి సంతకు వచ్చినవాళ్లూ ఉన్నారు. పోలీసులు జనాన్ని అడ్డుకున్నారు. గొడవ జరిగింది. ఒక కానిస్టేబుల్ చనిపోయాడు. పోలీసులు కాల్పులు జరిపారు. గోండులు నేలకొరిగారు.

వివాదమంతా ఆ కానిస్టేబుల్ మరణం దగ్గరే ఉంది.

ప్రభుత్వ కథనంలో నిషేధాన్ని ధిక్కరించి వచ్చిన గుంపు పోలీసుల మీద దాడి చేసింది, ఒక కానిస్టేబుల్ ప్రాణం పోయింది, ఆత్మరక్షణ కోసం కాల్పులు తప్పలేదు. మన గూడేల్లో చెప్పుకునే కథ వేరు. ఒక పోలీసు గోండు యువతితో అసభ్యంగా ప్రవర్తించాడు, ఆమె తిరగబడి కొట్టింది, ఆ దెబ్బకు అతను పోయాడు, ఆ వెంటనే తుపాకులు పేలాయి.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కానిస్టేబుల్ చనిపోయాడని రెండూ అంటున్నాయి. అది మనవాళ్ల చేతి దెబ్బకే అని కూడా రెండూ అంటున్నాయి. తేడా వచ్చేది కథ మొదలుపెట్టే చోట. ఒకటి దెబ్బతో మొదలవుతుంది. ఇంకొకటి ఆ దెబ్బకు ముందు ఆడబిడ్డ మీద పడిన చేయితో మొదలవుతుంది. ఇంకాస్త వెనక్కి వెళితే, సంతకు వచ్చే దారిలో జనాన్ని ఆపిన చోట మొదలవుతుంది. మరీ వెనక్కి వెళితే భూమి దగ్గర మొదలవుతుంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో 1/70 చట్టం వచ్చింది. అది కాగితం మీద ఉండగానే పొలాలు చేతులు మారాయి. ఆ ఆవేదనే జనాన్ని ఆ సభకు నడిపించింది.

మీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ కానిస్టేబుల్ మరణాన్ని మన కథలోంచి తీసేయకండి. అతనూ ఒక తల్లి కన్నబిడ్డే. ఆ మరణాన్ని దాస్తే మనం చెప్పే మిగతా నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. అయితే ఒప్పుకోవడం వేరు, దాన్నే అన్నిటికీ జవాబుగా అంగీకరించడం వేరు. గుంపును చెదరగొట్టడానికి ఎంత అవసరమో అంత బలమే వాడాలి. ఒకరు కొట్టిన దెబ్బకు సంతకు వచ్చిన జనమంతా ఎందుకు గురికావాలి? ప్రభుత్వ కథనం మొత్తాన్నీ నిజమనుకున్నా ఈ ప్రశ్న అలాగే మిగులుతుంది.

రెండో వివాదం లెక్క గురించి. ప్రభుత్వం 13 మంది అన్నది. పౌరహక్కుల వాళ్లు 60కి పైగా అన్నారు. వందకు మించి పోయారని కూడా చెప్పుకుంటారు. ఎందుకింత తేడా? సర్కారు లెక్కలోకి వచ్చేది తన చేతికి దొరికిన శవమే. తూటా దెబ్బతో అడవి దారి పట్టి, గూడెం చేరి కన్నుమూసినవాడు ఆ లెక్కలోకి రాడు. ఆసుపత్రికి పోతే కేసు పెడతారన్న భయంతో ఇంట్లోనే ఉండిపోయినవాడూ రాడు. అలాగని మనం పెద్ద సంఖ్యను పట్టుకుని నినాదం చేస్తే సరిపోదు. 13 కాదు అని రుజువు చేసేది ఇంకో సంఖ్య కాదు, పేర్లు.

స్తూపం కథ కూడా తెలుసుకోండి. 1983లో కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు. తర్వాత ప్రభుత్వమే మళ్లీ కట్టించింది. ఎన్నో ఏళ్లు ఏప్రిల్ 20 వచ్చిందంటే ఆంక్షలు, పోలీసు పహారా. సొంత మనుషులకు పూలు పెట్టడానికి కూడా జనం భయపడ్డారు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. సంతోషమే. కానీ రాయి నిలబడినంత మాత్రాన చరిత్ర రాసినట్టు కాదు.

ఆ రోజు ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. అందుకే మీకు ఒక పని అప్పజెబుతున్నాం. మీ గూడెం పటేల్‌తో, రాయి సెంటర్ పెద్దలతో మాట్లాడండి. ఆ రోజు ఇంద్రవెల్లికి వెళ్లినవాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు గోండిలో చెబితే గోండిలోనే ఫోన్‌లో రికార్డు చేయండి. ఎవరు తిరిగి రాలేదు, వాళ్ల ఇంటిపేరేమిటి, కళ్లారా చూసిందేమిటి, ఇతరులు చెప్పగా విన్నదేమిటి అని విడివిడిగా రాసుకోండి. ఒకరు చెప్పింది ఇంకొకరి మాటతో కలవకపోతే రెండూ ఉంచండి, మీకు నచ్చినట్టు దిద్దకండి.

అప్పుడు "ముందు మీవాళ్లే చంపారట కదా?" అని ఎవరైనా అడిగితే, "కూర్చో, మొదటి నుంచీ చెబుతాను" అనగలరు.

జై సేవా!