మితవాది అంటే గోడమీది పిల్లేనా?



మన సంఘంలో తెలుగు తరగతి మాట వచ్చినప్పుడల్లా రెండు గొంతులే వినిపిస్తాయి. ఒకరు మరాఠీవాళ్లతో తేల్చుకుందాం అంటారు, ఇంకొకరు మనకెందుకు ఊరుకుందాం అంటారు. మధ్యలో మాట్లాడినవాణ్ని 'మితవాది' అని ఎగతాళి చేస్తారు. ఆ పేరు మోసిన ఒకాయన కథ చెబుతాను. 1956 దాకా మన కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే, హైదరాబాద్ రాష్ట్రంలోదే. కాబట్టి ఇది పరాయి కథ కాదు.

1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల, ఎగతాళి. తెలుగువాళ్లు లేచి బయటికి వచ్చేశారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు మాడపాటి హనుమంతరావు.

ఆ అవమానానికి ఆయన జవాబు పని. జనసంఘం గ్రంథాలయాలు పెట్టించింది, వెట్టిచాకిరీ మీద చిన్న పుస్తకాలు వేసింది. నిజాం సర్కారు సభలకు గష్తీ నిశాన్ 53 అనే ఆంక్ష పెడితే, అనుమతి తెచ్చుకుని మరీ 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిపారు.

1928లో మాడపాటి హైదరాబాద్‌లో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల పెట్టారు. ఇక్కడ గుర్తింపు దొరక్కపోతే పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపు తెచ్చుకున్నారు. తెలుగు నవ్వులపాలైన సభకు అధ్యక్షుడు ఎవరో, తెలుగు బడికి నీడనిచ్చిన సంస్థ కూడా ఆయనదే. పాత కక్ష పట్టుకుని కూర్చుంటే ఆ తలుపు తట్టేవారా?

అలాగని మితవాదులదే గెలుపని చెప్పను. అర్జీలతో దేశ్‌ముఖ్‌ల పెత్తనం కదల్లేదు. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి వైపు యువకులు నిలిచారు, మహాసభ చీలింది. ఆకలితో ఉన్నవాడికి 'ఓపిక పట్టు' అనే మాట రుచించదు. ఆ తప్పు మితవాదులు ఒప్పుకోవాల్సిందే.

అయినా ఒక్కటి నిజం. మాడపాటి మాట మెత్తన, పట్టు మెత్తన కాదు. మౌనంగా ఉండేవాడు మితవాది కాడు. అడగాల్సింది అడుగుతూనే, ఎదుటివాడితో రేపు కూడా మాట్లాడే దారి మూసుకోనివాడే మితవాది. మరాఠీ మన పిల్లల బడి భాష, మన ఇరుగుపొరుగు భాష. తెలుగు మన ఇంటి భాష. రెండూ కావాలంటే తెలుగు తరగతికి అర్జీ పెడదాం, రోజూ వచ్చి పాఠం చెప్పేవాళ్లనూ మనలోంచే చూసుకుందాం. ఎవరెవరు వస్తారో చెప్పండి.